చట్టంతో ఘర్షణ పడిన బాలల మానసిక వేదన: గుర్తింపు, చికిత్స

నేరారోపణపై బాలల న్యాయమండలి ముందుకు వచ్చే పద్ధెనిమిదేళ్ల లోపు పిల్లల్లో దిగులు, భయం, నిద్రలేమి, ఆత్మహత్య తలంపులు, మత్తు అలవాటు, పాత హింస మిగిల్చిన గాయాలు తోటి పిల్లల్లో కన్నా చాలా ఎక్కువగా ఉంటాయి. వాటిని సకాలంలో కనిపెట్టి నయం చేయడం మనోవైద్యులు, న్యాయమండలి, సంక్షేమ శాఖ కలిసి చేయవలసిన పని. తెలంగాణలో ఆ పని ఎలా సాగుతుందో, జోగులాంబ గద్వాల జిల్లా ధరూర్ లాంటి మండలం నుంచి వచ్చిన పిల్లవాడికి వైద్యం ఎంతవరకు అందుతుందో, ఎక్కడ తెగిపోతుందో ఈ వ్యాసం వివరిస్తుంది. మన చట్టం ఈ పిల్లలను నేరస్థులు అనదు, చట్టంతో ఘర్షణ పడిన బాలలు అంటుంది. ఇక్కడా అదే పాటించాం.

సమస్య పరిమాణం

బెంగళూరులోని నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. నిర్బంధంలో ఉన్న పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఈ లెక్క పూర్తిగా మారిపోతుంది. 19 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను కలిపి 2021లో వెలువడిన సమీక్షలో అబ్బాయిల్లో సుమారు 10 శాతానికి, అమ్మాయిల్లో సుమారు 26 శాతానికి తీవ్రమైన కుంగుబాటు కనిపించింది. ఘోర అనుభవాల తర్వాత మిగిలే మానసిక గాయం అబ్బాయిల్లో 9 శాతం, అమ్మాయిల్లో 18 శాతం. ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం కలిసిన రుగ్మత ఇద్దరిలోనూ 17 శాతం దాకా ఉంది. అమెరికాలో చికాగో నిర్బంధ కేంద్రంలోని 1,829 మందిని పరీక్షించి 2002లో ప్రచురించిన అధ్యయనం అబ్బాయిల్లో మూడింట రెండు వంతులకు, అమ్మాయిల్లో నాలుగింట మూడు వంతులకు కనీసం ఒక రుగ్మత ఉన్నట్టు తేల్చింది.

ఇందులో రెండు విషయాలు గమనించాలి. కేసుల్లోకి వచ్చే అమ్మాయిలు తక్కువ, కానీ వచ్చినవాళ్ల వేదన అబ్బాయిలకన్నా ఎక్కువ. రెండోది, రుగ్మత ఉన్నందువల్లే నేరం జరిగిందని ఈ లెక్కలు చెప్పవు. జబ్బు ఉన్న పిల్లల్లో అత్యధికులు ఎన్నడూ ఎవరి జోలికీ పోరు. నేరం చేసిన పిల్లల్లో జబ్బు లేనివాళ్లూ ఉంటారు. భారతదేశంలో 2022లో బాలలు నిందితులుగా నమోదైన కేసులు 30,555 అని జాతీయ నేర గణాంక సంస్థ ప్రకటించింది. ఎక్కువ మంది పదహారు నుంచి పద్ధెనిమిదేళ్ల మధ్యవాళ్లే.

నడిగడ్డ నేపథ్యం

కృష్ణా, తుంగభద్రల మధ్య ఉన్న గద్వాల ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. ధరూర్ మండలంలోని రేవులపల్లి దగ్గరే జూరాల ప్రాజెక్టు ఉంది. పాలమూరు అని పిలిచే పాత మహబూబ్‌నగర్ జిల్లాను విడదీసి 2016 అక్టోబర్ 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలను ఏర్పాటు చేశారు. ఇక్కడి పిల్లల మనసు గురించి మాట్లాడాలంటే మూడు సంగతులు తప్పనిసరిగా చెప్పాలి.

మొదటిది వలస. పాలమూరు కూలీ దేశమంతటా కాలువలు తవ్వాడు, కట్టలు పోశాడు. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుని అమ్మానాన్నలు నెలల తరబడి పోతే పిల్లలు అవ్వ దగ్గరో, హాస్టల్‌లోనో పెరుగుతారు. రెండోది సీడు పత్తి. గద్వాల, ధరూర్, గట్టు, మల్దకల్, అయిజ మండలాలు హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తికి పేరు మోశాయి. సాయంత్రం మొగ్గల్లో మగభాగం గిల్లి తీసేయడం, మర్నాడు పొద్దున్నే పుప్పొడి అద్దడం, ఇదే క్రాసింగ్. చిన్న వేళ్లు, మొక్కంత ఎత్తు కావాలని ఏళ్ల తరబడి ఈ పనికి బడిపిల్లలను పెట్టారు. వానకాలంలో బడి తప్పిన పిల్లవాడు మళ్లీ పుస్తకం పట్టడం కష్టం. పురుగుమందుల డబ్బా ప్రతి ఇంట్లో చేతికి అందేంత దూరంలో ఉంటుంది. ఆత్మహత్య తలంపు ఉన్న పిల్లవాడి విషయంలో ఇది ప్రాణాంతకమైన సౌకర్యం. మూడోది కల్తీ కల్లు. దాని గురించి తర్వాత వివరంగా చెప్పుకుందాం.

చరిత్ర

పిల్లల నేరానికి వెనక మనసును వెతకడం ఇరవయ్యో శతాబ్దపు ఆలోచన. ప్రపంచంలో తొలి బాలల కోర్టు 1899లో చికాగోలో మొదలైంది. పదేళ్లకు, 1909లో, అక్కడే విలియం హీలీ అనే వైద్యుడు కోర్టుకు వచ్చిన పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి పరీక్షించే సంస్థ నడిపాడు. లండన్‌లో జాన్ బౌల్బీ దొంగతనాలు చేసిన 44 మంది పిల్లల మీద 1944లో రాసిన వ్యాసం, చిన్ననాట తల్లికి దూరమైన పిల్లల మీద చర్చను ప్రపంచమంతా లేపింది. వలస పోయిన తల్లిదండ్రుల పిల్లలున్న పాలమూరులో ఆ చర్చకు ఇప్పటికీ అర్థం ఉంది.

మన దగ్గర మద్రాసు రాష్ట్రంలోని ఆంధ్ర ప్రాంతానికి 1920 నాటి బాలల చట్టం, గద్వాల సంస్థానం భాగంగా ఉన్న హైదరాబాద్ రాష్ట్రానికి 1951 నాటి చట్టం ఉండేవి. దేశమంతటికీ ఒకే బాలల న్యాయ చట్టం 1986లో వచ్చింది. 2000లో దాని స్థానంలో కొత్త చట్టం తెచ్చారు. 2012 ఢిల్లీ అత్యాచార ఘటన తర్వాత రేగిన ఆగ్రహం 2015 చట్టానికి దారితీసింది. అది 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉంది.

చట్టం చెప్పే రెండు పరీక్షలు

ఈ రంగంలో అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ఇక్కడే. చట్టంలో పిల్లవాడి మనసును చూసే సందర్భాలు రెండున్నాయి. ఒకటి తీర్పు కోసం, రెండోది బాగు కోసం. రెండింటినీ ఒకే కాగితం మీద రాయడం వల్ల పిల్లలు నష్టపోతున్నారు.

పదహారు నిండిన పిల్లవాడు ఘోరమైన నేరం చేశాడన్న ఆరోపణ ఉంటే, 15వ సెక్షన్ కింద మండలి ప్రాథమిక మదింపు చేయాలి. ఆ నేరం చేయగల శారీరక, మానసిక శక్తి ఉందా, దాని పర్యవసానం తెలుసుకోగలడా, ఏ పరిస్థితుల్లో జరిగింది అనేవి చూడాలి. పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్నది దాన్నిబట్టి తేలుతుంది. గడువు మూడు నెలలు. ఇది విచారణ కాదని, నేరం రుజువు చేసే పని కాదని చట్టమే చెప్పింది. 2022 జూలై 13న బరుణ్ చంద్ర ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు, మండలిలో బాలల మనస్తత్వ శాస్త్రంలోగానీ మనోవైద్యంలోగానీ పట్టా ఉన్న సభ్యుడు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరిగా తీసుకోవాలని తేల్చింది. తెలివితేటల పరీక్షలో వచ్చిన అంకె చూసి ‘వీడికి అన్నీ తెలుసు’ అని రాసేసే పద్ధతికి ఆ తీర్పు పెద్ద అడ్డుకట్ట. తెలియడం వేరు, తెలిసినా ఆ క్షణంలో తనను తాను ఆపుకోగలగడం వేరు. పదహారేళ్ల మెదడులో రెండోది ఇంకా తయారవుతూనే ఉంటుంది.

రెండోది ప్రతి పిల్లవాడికీ వర్తిస్తుంది. పట్టుకున్న రెండు వారాల్లోగా ప్రొబేషన్ అధికారి ఇల్లు, ఊరు, బడి తిరిగి సామాజిక పరిశోధన నివేదిక ఇవ్వాలి. వసతి గృహంలో చేరిన పిల్లవాడికి వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక రాయాలి. కౌన్సెలింగ్, మానసిక వైద్యం పునరావాస సేవల్లో భాగమని 53వ సెక్షన్ చెబుతుంది. మానసిక వ్యాధి ఉన్నా, మత్తుకు బానిసైనా ఆసుపత్రికో, మత్తు విముక్తి కేంద్రానికో పంపే అధికారాన్ని 93వ సెక్షన్ ఇచ్చింది. వార్తలన్నీ మొదటి పరీక్ష చుట్టూ తిరుగుతాయి. పిల్లల బతుకులు మారేది రెండోదాంతో. సెల్‌ఫోన్ దొంగతనం, బండి దొంగతనం, కొట్లాట కేసుల్లో వచ్చే పిల్లల మనసును నింపాదిగా చూసే అవకాశం చట్టంలో ఉంది గానీ, చూసే మనిషి తరచుగా ఉండడు.

వేదనను గుర్తించడం

నిర్ధారణ ఒక్కనాటి పని కాదు. పోలీసులు తీసుకొచ్చిన మొదటి రోజు ఏ పిల్లవాడైనా భయంతో ఏడుస్తాడు, లేదా రాయిలా కూర్చుంటాడు. అది జబ్బు కాదు. రెండు వారాల తర్వాత కూడా నిద్ర లేకపోతే, తిండి సయించకపోతే, ఎవరితోనూ కలవకపోతే అప్పుడు ఆలోచించాలి. అందుకే మంచి కేంద్రాల్లో మూడు దశలుంటాయి: చేరిన ఇరవైనాలుగు గంటల్లో ప్రాణాపాయం ఉందా లేదా చూసే ప్రశ్నలు, కొద్ది రోజుల్లో ప్రశ్నావళితో వడపోత, ఆ వడపోతలో తేలినవాళ్లకు నిపుణుల పూర్తి పరీక్ష.

వడపోతకు అమెరికాలో ఎక్కువగా వాడేది థామస్ గ్రిస్సో, రిచర్డ్ బార్నమ్ తయారుచేసిన మేసీ-2. అవును, కాదు అని చెప్పే 52 ప్రశ్నలు. మత్తు, కోపం, కుంగుబాటు, ఒంటి నొప్పులు, ఆత్మహత్య తలంపులు, ఆలోచనల్లో తేడా, ఘోర అనుభవాలు అనే ఏడు కొలతలు. పావుగంటలో ముగుస్తుంది. రాబర్ట్ గుడ్‌మన్ 1997లో ప్రచురించిన 25 అంశాల ప్రశ్నావళిని బడుల్లోనూ వాడతారు. తెలివితేటల కొలతకు మన దేశంలో బినే-కామత్ పరీక్ష, మాలిన్ పరీక్ష వాడుకలో ఉన్నాయి. మేధో వైకల్యం అనుమానం ఉంటే సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ దిక్కు. తలకు పాత దెబ్బలు, మూర్ఛ, వినికిడి లోపం ఉన్నాయేమో ముందే చూడాలి. చెవులు సరిగా వినబడని పిల్లవాడిని మొండివాడు అనుకోవడం మామూలే.

ప్రశ్నావళి ఎంత మంచిదైనా అడిగే తీరును బట్టే జవాబు వస్తుంది. ఊహించి చెప్పే ఒక ఉదాహరణ చూద్దాం. ధరూర్ మండలానికి చెందిన పదహారేళ్ల పిల్లవాడు బండి దొంగతనం కేసులో వచ్చాడు. తల దించుకుని కూర్చున్నాడు. ఏది అడిగినా “ఏమో సార్” అంటున్నాడు. నివేదికలో ‘పొగరు, పశ్చాత్తాపం లేదు’ అని రాయడానికి నిమిషం చాలు. అదే గదిలో అనుభవమున్న కౌన్సెలర్ ‘నీకు డిప్రెషన్ ఉందా’ అని అడగదు. “రాత్రి ఎప్పుడు పండుకుంటవ్ బిడ్డా? నడుమ మెలకువ వస్తదా?” అని మొదలుపెడుతుంది. “మూడు గంటలకు లేస్తా మేడం, మళ్ల నిద్ర రాదు.” “లేచినంక ఏం యాదికొస్తది?” చాలాసేపు మాట లేదు. తర్వాత, నాయిన పోయిన సంగతి. అమ్మ పట్నంలో కూలికి పోయిన సంగతి. ఎనిమిదిలోనే బడి మానేసి క్రాసింగ్‌కు పోయిన సంగతి. “బతుకుడెందుకు అని ఎన్నడన్న అనిపించిందా?” అని సూటిగా అడుగుతుంది. తల ఊపుతాడు. ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందన్న భయం తప్పు. అడగకపోవడమే ప్రమాదం.

ఈ పిల్లవాడికి ఉన్నది పొగరు కాదు, కుంగుబాటు. కౌమారంలో కుంగుబాటు ఏడుపుగా కన్నా చిరాకుగా, కోపంగా బయటపడటం ఎక్కువ. రోగ నిర్ధారణ గ్రంథాలు కూడా పిల్లల విషయంలో చిరాకును ఒక ప్రధాన లక్షణంగా ఒప్పుకున్నాయి. పాలమూరు ఇళ్లలో ఈ బాధకు రంది, మనాది, బుగులు అనే మాటలున్నాయి. పిల్లలు వాటితోనే చెబుతారు. లేదంటే కడుపునొప్పి, తలనొప్పి, గుండెదడ అని చెబుతారు. ‘మానసిక ఒత్తిడి’ అనే పుస్తకాల మాట పట్టుకుని వెళ్తే ఏ జవాబూ రాదు.

ప్రవర్తనా రుగ్మత అనే పేరు మాత్రం జాగ్రత్తగా వాడాలి. నియమాలు పదే పదే ఉల్లంఘించడం, ఇతరులను గాయపరచడం దాని లక్షణాలు కనుక కేసులోకి వచ్చిన సగం మందికి పైగా ఆ నిర్వచనంలోకి వస్తారు. ఆ పేరు పెట్టేసి ఊరుకుంటే దాని అడుగున ఉన్న కుంగుబాటు, పాత గాయం కనబడవు. పేరు నిజమే కావచ్చు, కానీ అది వైద్యుడి పని ముగిసిందని చెప్పే గుర్తు కాదు.

కల్తీ కల్లు: విడిగా చెప్పవలసిన ప్రమాదం

తెలంగాణ జిల్లాల్లో కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలపడం పాత జాడ్యం. 2015లో ఎక్సైజ్ శాఖ కల్తీని గట్టిగా అడ్డుకున్నప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో రోజూ తాగే జనం వణుకుతూ, పిచ్చిగా మాట్లాడుతూ, ఫిట్స్‌తో ఆసుపత్రులకు చేరారు. తాగినందుకు కాదు, ఉన్నట్టుండి ఆగినందుకు. కొన్ని ఇళ్లలో చిన్నపిల్లలకూ కల్లు పోస్తారు కాబట్టి ఈ సంగతి బాలల వసతి గృహాలకూ సంబంధించిందే.

అలాంటి అలవాటున్న పిల్లవాడిని పట్టుకొచ్చి గదిలో పెడితే ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు, లేనివి కనబడతాయి. చూసినవాళ్లు నాటకం అనుకుంటారు, గాలి సోకింది అనుకుంటారు, లేదా గొడవ చేస్తున్నాడని శిక్షిస్తారు. మూర్ఛ వస్తే ప్రాణం పోవచ్చు. చేయవలసింది వైద్యుడి పర్యవేక్షణలో డయాజెపాం లాంటి ఎక్కువసేపు పనిచేసే మందు ఇచ్చి, మోతాదును రోజుల తరబడి తగ్గించుకుంటూ రావడం. కాబట్టి చేరిన రోజే ‘కల్లు తాగుతావా, ఎన్ని సీసాలు, ఆఖరుసారి ఎప్పుడు’ అని అడగడం ప్రాణరక్షణతో సమానం. ఈ ఒక్క ప్రశ్న తెలంగాణలోని ప్రతి వసతి గృహం చేరిక పత్రంలో అచ్చులో ఉండాలి.

చికిత్స

మాటలతో చేసే వైద్యంలో ఎక్కువ ఆధారం ఉన్నది ఆలోచనను, ప్రవర్తనను కలిపి సరిదిద్దే పద్ధతికి. కెన్నెత్ డాడ్జ్ అనే అమెరికా పరిశోధకుడు, దూకుడుగా ఉండే పిల్లలు ఎదుటివాడి మామూలు చూపును కూడా సవాలుగా చదువుతారని చూపించాడు. కౌన్సెలర్ ఆ క్షణాన్ని పిల్లవాడితో నెమ్మదిగా విడదీయిస్తుంది: వాడేం చేశాడు, నువ్వేమనుకున్నావు, ఇంకేం అయి ఉండొచ్చు, ఒంట్లో ఏమైంది, చెయ్యి లేపకముందు ఏం చేయవచ్చు. పాత హింస ఉన్నవాళ్లకు ఆ జ్ఞాపకాన్ని భద్రంగా చెప్పుకునే ప్రత్యేక పద్ధతి ఉంది. అది తొందరపడి చేసేది కాదు. రేపు బెయిల్ మీద వెళ్లిపోయే పిల్లవాడి గాయాన్ని ఇవాళ విప్పి వదిలేయడం కన్నా, నిద్ర, భయం అదుపులోకి తెచ్చి పంపడం మేలు.

మందుల అవసరం కొందరికే. కౌమార కుంగుబాటుకు ఫ్లువోక్సెటిన్ మొదటి ఎంపిక. ఇలాంటి మందుల తొలివారాల్లో ఆత్మహత్య తలంపులు పెరగవచ్చని 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది కనుక ఆ రోజుల్లో పిల్లవాడిని కళ్లెదుటే ఉంచుకోవాలి. ఏకాగ్రత లోపానికి మిథైల్‌ఫెనిడేట్, అదుపు తప్పిన దూకుడుకు కొద్దికాలం రిస్పెరిడోన్ వాడతారు. గోల చేస్తున్నాడని నిద్రమాత్ర వేసి పడుకోబెట్టడం వైద్యం కాదు, సిబ్బంది కొరతను పిల్లవాడి ఒంటి మీద తీర్చుకోవడం.

మంచి చేస్తున్నామనుకుని కీడు చేసే పద్ధతులూ ఉన్నాయి. జైలు చూపించి, ఖైదీలతో అరిపించి పిల్లలను భయపెట్టే కార్యక్రమాలు అమెరికాలో 1970ల్లో మొదలయ్యాయి. వాటిని పరిశీలించిన సమీక్షలు, అలా భయపడ్డ పిల్లలు తర్వాత నేరాల్లోకి మరింత ఎక్కువగా వెళ్లారని తేల్చాయి. మన పత్రికల్లో ‘పోలీసులు కౌన్సెలింగ్ ఇచ్చారు’ అని వచ్చే వార్తల్లో చాలాసార్లు జరిగేది తల్లిదండ్రుల ముందు నిలబెట్టి తిట్టడమే. దానికి ఆ పేరు తగదు. అలాగే, దారి తప్పిన పిల్లలందరినీ ఒకచోట కూర్చోబెట్టి మాట్లాడిస్తే ఒకరి ఘనకార్యాలు ఒకరు నేర్చుకునే ప్రమాదం ఉందని డిషన్, మెకార్డ్, పూలిన్ 1999లో హెచ్చరించారు. మన చట్టం సామూహిక కౌన్సెలింగ్‌ను ఒక ఉత్తర్వుగా అనుమతిస్తుంది కనుక, దాన్ని నడిపే మనిషి శిక్షణ పొందినవాడై ఉండటం మరీ ముఖ్యం. నిమ్హాన్స్‌లో 2020లో మొదలైన సంవాద్ కేంద్రం ఇలాంటి శిక్షణ దేశమంతటికీ ఇస్తోంది.

ఎక్కువ ఫలితం కనబడినవి ఇంటికి వెళ్లి చేసే చికిత్సలు. స్కాట్ హెంగ్లర్ అమెరికాలో రూపొందించిన పద్ధతిలో ఒక చికిత్సకుడు నాలుగైదు కుటుంబాలనే చూస్తాడు, నెలల తరబడి ఇంటికి, బడికి, స్నేహితుల దగ్గరికి తిరుగుతాడు. అంత సిబ్బంది మనకు లేరు. సూత్రం మాత్రం మనకు పనికొస్తుంది: పిల్లవాడు మారడం ఎంత అవసరమో, వాడు తిరిగి వెళ్లే ఇల్లు కొంచెమైనా మారడం అంతే అవసరం.

ఇంటికి తిరిగొచ్చాక

మన వ్యవస్థలో అతి బలహీనమైన భాగం ఇదే. హైదరాబాద్‌లో మంచి వైద్యుడు చూసి మందు రాసినా, ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం నుంచి గద్వాలకు దాదాపు 190 కిలోమీటర్లు. కూలి పోగొట్టుకుని నెలనెలా ఎవరు తిరుగుతారు? ధరూర్ వాళ్లు జబ్బు చేస్తే రాయచూరుకో, కర్నూలుకో పోవడం అలవాటు. రెండూ వేరే రాష్ట్రాలు. అక్కడి చీటీ ఇక్కడి ప్రొబేషన్ అధికారి ఫైల్లోకి రాదు. మందు ఆగిపోతుంది, ఊళ్లో ‘దొంగ’ అన్న పేరు మాత్రం ఆగదు.

సరిచేయడానికి కొత్త చట్టం అక్కరలేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996లో దేశంలో మొదలైన నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. వైద్యం జిల్లాకు రావాలన్న ఆలోచన మనకు పాతదే. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఆ మూడింటి మనోవైద్య విభాగాలు జిల్లా బాలల సంరక్షణ విభాగంతో ఒప్పందం చేసుకుని, వారానికో పూట ఈ పిల్లలకు కేటాయిస్తే ప్రయాణమే సగం తగ్గుతుంది. పేద కుటుంబంలోని పిల్లవాడికి మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల సాయం అడగవచ్చు. పద్ధెనిమిది దాటి వసతి గృహం వదిలినవాళ్లకు తర్వాతి సంరక్షణ 21 ఏళ్ల దాకా ఉంటుంది. చదువు ఆగినవాళ్లకు ఓపెన్ స్కూల్ దారి ఉంది. ఈ మూడు ముక్కలూ పిల్లవాడి అమ్మకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి. ఆ పని ప్రొబేషన్ అధికారిది.

ఊరి పాత్రా చిన్నది కాదు. ఈ పిల్లల పేరు, ఫోటో, బడి, ఊరు గుర్తుపట్టేలా ప్రచురించడం 74వ సెక్షన్ కింద నేరం. ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. సాధారణంగా శిక్ష పాత కేసుగా పిల్లవాడి వెంట రాకూడదని, చదువుకూ ఉద్యోగానికీ అడ్డు కాకూడదని 24వ సెక్షన్ చెబుతుంది. మీ వీధిలోనో, మీ బడిలోనో కేసులోకి వెళ్లి వచ్చిన పిల్లవాడు ఉంటే వాట్సాప్‌లో వాడి ఫోటో పంపకండి, పాత సంగతి తవ్వకండి. వాడు నిద్ర లేకుండా తిరుగుతున్నా, చస్తానన్నా టెలి-మానస్ 14416కు ఫోన్ చేయండి. రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు. ప్రమాదంలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది. రెండూ ఉచితం.